ఆకు పచ్చగానే వచ్చింది

శుద్ధ పాడ్యమి

పొద్దుటి పోటు. కింది వరస కుళాయి: ఉప్పు ఎక్కువ, కంపు ఎక్కువ. పై వరస కుళాయి: ఉప్పు లేదు, కంపు లేదు. రోజూ ఇదే రాస్తున్నాను. రాసి రాసి నాకే వెగటు పుట్టింది. ఈ గట్టు మీద నీళ్ళ పరీక్ష చేసేది నేను. పరీక్ష నాది, మంచినీళ్ళు వాళ్ళవి.

ఇవాళ్టి నుంచి ఈ చిట్టాలో ఇంకో రోత కూడా చేరింది. పూడిక తీసే పడవవాళ్ళకి, పాత సర్వే ఆఫీసు మునిగిన చోట సీలు వేసిన డబ్బా దొరికింది. అందులో ఒక కెమెరా, దాంట్లో సగం వాడిన రీలు, విడిగా పూర్తిగా వాడిన ఇంకో రీలు ఉన్నాయి. స్లైడ్ ఫిల్ము, రంగులది. దాని తయారీ సర్వే నాటికే ఆగిపోయి చాలా ఏళ్ళయిందట. యంత్రాల్లోని బొమ్మల్ని ఎవరు పడితే వాళ్ళు మార్చేస్తున్నారని, మార్చడానికి వీల్లేనిదని ఏరికోరి తెచ్చి దీనితో తీశారు. తీసినవాళ్ళు బాగానే తీశారు. కడిగేవాళ్ళు మిగల్లేదు.

పూర్తిగా వాడిన రీలు మీద కింది వరస అని రాసి ఉంది. గొడవంతా అక్కడే. యాభై అయిదేళ్ళ కిందట సముద్రం ఊళ్ళ మీదికొచ్చి, జనాన్ని ఈ గట్టెక్కించిన రోజున సర్వేవాళ్ళు ప్రతి తలుపు మీదా అరచేయంత గుర్తు వేసి ఫొటో తీసుకున్నారు. నీలం గుర్తయితే హక్కు నీళ్ళు, తరతరాలకీ వస్తాయి. ఎర్ర గుర్తయితే కూలి నీళ్ళు, ఒంట్లో ఓపికున్నన్నాళ్ళే వస్తాయి. పై వరసవన్నీ నీలమే, అందులో పేచీ లేదు. మా కింది వరసవి ఎరుపని పై వరస అంటుంది, మావీ నీలమేనని మేమంటాం. ఏడాది తిరక్కుండా ఉప్పుగాలికి చెక్క తినేస్తోందని తలుపులన్నిటికీ తారు పూసేశారు. కాగితాలేమో యంత్రాల్లో ఉండేవి. ఆ యంత్రాలు మునిగాయి.

కమిటీ అధ్యక్షుడు జోగారావు గారు నన్ను పిలిపించి, ఫిల్ము నువ్వే కడుగు హైమా, నీ దగ్గర సీసాలున్నాయి కదా అన్నారు. సీసాలుంటే చాలన్నమాట. నలుపు తెలుపుల్లో అయితే ఎవరైనా కడుగుతారు. ఎరుపూ నీలమూ రెండూ ఒకే బూడిద రంగులో వస్తే ఎవరికి కావాలి?

తదియ

ఈ ఫిల్ములో ఒక చోద్యం ఉంది. రంగులు పట్టుకుంటుంది గాని దాని ఒంట్లో రంగు లేదు. మూడు పొరలుంటాయి. అడుగు పొర ఎరుపు వెలుతురును పట్టుకుంటుంది, నడిమిది ఆకుపచ్చను, పైది నీలాన్ని. కడిగేటప్పుడు ఒక్కో పొరకీ మనమే విడివిడిగా రంగు తాగించాలి. ముందు ఎర్ర దీపం చూపించి ఒక తొట్టి, తరవాత నీలం దీపం చూపించి ఇంకో తొట్టి, చివర్న మిగిలిన పొరకి మూడో తొట్టి. ఏ పొరకి ఏ రంగు తాగించాలో తెలిసినవాళ్ళు లేరు.

ఆ రంగు పుట్టించే మందు ఏమిటో వెతికి వెతికి చివరికి పట్టుకున్నాను. జుట్టుకి వేసుకునే నల్లరంగు పొడి. అది వేరే పొడులతో కలిస్తే వేరే రంగులిస్తుంది. ఆ వేరే పొడులు మూసేసిన అద్దకం షెడ్డులో మూడు సీసాల్లో దొరికాయి: ఒకటి పసుపు రంగిచ్చేది, ఒకటి గులాబీ, ఒకటి నీలిపచ్చ. కడిగాక ఫిల్ము మీది బొమ్మ చెరిగిపోకుండా నిలపడానికి హైపో కావాలి, అది నీళ్ళలో క్లోరిన్ విరగ్గొట్టడానికి నా దగ్గరెప్పుడూ ఉంటుంది.

ఇన్ని వస్తువులుండగా దేవుడు జుట్టు రంగునే ఎందుకు చూపించాడో. ఈ గట్టు మీద బియ్యం తరవాత అంత విలువైంది అదే. ప్రతి పౌర్ణమికీ కింది వరసలో తలల తనిఖీ జరుగుతుంది. తెల్లజుట్టు కనిపిస్తే ఓపిక లేనివాళ్ళ కింద లెక్క, నీళ్ళ వాటా ఆగిపోతుంది. ముడతలు చూడరు, నడుము వంగిందా అని చూడరు. తీర్మానంలో జుట్టు అని ఉంది, జుట్టే చూస్తారు. వాటా పోయిన ముసలివాళ్ళు పిల్లల నీళ్ళు పంచుకోలేక ఉప్పు పడవెక్కి అవతలి లంక శిబిరానికి వెళ్ళిపోతారు. వెళ్ళిన వాళ్ళ కబురు మళ్ళీ రాదు. అందుకని డెబ్భై ఏళ్ళ వాళ్ళంతా కాకుల్లా నల్లటి తలలేసుకుని ఉప్పు బుట్టలు మోస్తుంటారు.

పై వరస మాత్రం తక్కువా? అరవై దాటితే కమిటీలో కుర్చీ ఉండదు, సభలో చోటు ఉండదు. అందుకని అక్కడా అందరూ యాభైల్లోనే ఆగిపోయారు. కుర్చీ వదులుకున్న ముసలివాడు ఒక్కడు కనపడడు. జోగారావు గారు ఏ సభలోనైనా మొదటి మాటగా, నేను చంకబిడ్డగా ఈ గట్టెక్కినవాణ్ణి అంటారు. ఆయన చంకబిడ్డగా ఎక్కాడో, చంకలో బిడ్డనెత్తుకుని ఎక్కాడో ఆ మీసాలకి తెలియాలి.

మా అత్తగారు నాంచారమ్మకి సంగతి చెప్పాను. ఆవిడకి డెబ్భై మూడు. మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆవిడ పెట్టె తెరిచి దాచుకున్న రంగు పొట్లాలన్నీ తీసి నా ఒళ్ళో పోసింది. పౌర్ణమికి తలకి వేసుకోవడానికి ఒకటైనా ఉంచుకోండి అత్తయ్యా అంటే వినలేదు.

"మన తలుపు మీద నీలం గుర్తు నా కళ్ళతో చూశానే. అది బయటపడితే ఇంక ఈ తలకి మసి పూసుకునే ఖర్మ ఏమిటి?" అంది.

సాయంత్రానికి వరసలో ముసలివాళ్ళంతా క్యూ కట్టారు. పడవలు బాగుచేసే పేరయ్య బాబాయి తన పొట్లాలతో పాటు తన తమ్ముడివి కూడా తెచ్చాడు. వద్దనాలనిపించింది. అనలేకపోయాను.

పంచమి

ఛీ, ఏం కంపు. పంపు గదిలో కిటికీ లేదు, చీకటి కోసం తలుపు సందుల్లో గోనెలు కుక్కాను. లోపల ఉడుకుతున్న జుట్టు రంగు, పులిసిన చేపల తొట్టిలా వాసనేస్తోంది. తొట్టి వేడి తగ్గకూడదు, పెరగకూడదు. మంచినీళ్ళు కడగడానికి ఇవ్వరు కాబట్టి కాలవ నీళ్ళు వడగట్టి వాడుతున్నాను. చేతివేళ్ళు, గోళ్ళు, చివరికి ముక్కు కొన కూడా నల్లబడ్డాయి. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే వాంతి వచ్చినంత పనవుతోంది.

సగం రీల్లో వాడని ఫిల్ము ఉంది కదా, దాన్ని ముక్కలు చేసి ప్రయోగాలు చేస్తున్నాను. మొదటి ముక్క మసిబొగ్గులా వచ్చింది. రెండోది మొత్తం కొట్టుకుపోయి గాజుముక్కలా మిగిలింది. రెండింటికీ కలిపి నలుగురు ముసలివాళ్ళ నెత్తి ఖర్చయింది.

సప్తమి

సభ పెట్టారు. నా ప్రయోగం చూడటానికి ఏ వస్తువు ఫొటో తియ్యాలన్నది చర్చ. నేను ఒక ఎర్రగుడ్డ, ఒక నీలంగుడ్డ పక్కపక్కన పెట్టి తీస్తానన్నాను. ఏ రంగు ఏ రంగుగా వస్తోందో అప్పుడే తేలిపోతుంది, చిన్నపిల్లనడిగినా చెబుతుంది.

ఒప్పుకోలేదు. నీలంగుడ్డ అంటే పై వరస గుర్తు, దాన్ని కింది వరస ఆడమనిషి పంపు గదిలో ముంచడమేమిటని వాళ్ళు. ఎర్రగుడ్డ పెడితే మా గుమ్మాలకి ఎరుపు అంటగట్టడానికేనని మావాళ్ళు. పొద్దెక్కేదాకా అరుచుకున్నారు. చివరికి నేను ఫిల్ముకి చూపించే ఎర్ర దీపం మీద కూడా అభ్యంతరం లేవదీశారు. అది పడవలకి వాడే మామూలు దీపమండీ, మీ గుర్తూ కాదు, మా గుర్తూ కాదు అని నచ్చచెప్పేసరికి నా గొంతు పోయింది.

ఆఖరికి ఏ వరసకీ చెందని రంగు కావాలన్నారు. గట్టు మీద అలాంటిది ఒకటే ఉంది, మడ ఆకు. దాన్నే ఫొటో తియ్యాలి. ఆకు పచ్చగా వస్తే రంగు నిజం, రాకపోతే అబద్ధం. తీర్మానం రాసి ఇరువైపులా సంతకాలు పెట్టారు. అందరూ మహా తెలివైన పని చేసినట్టు ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. నాకూ అది పర్వాలేదనిపించింది. ఈ చర్చ ఆగితే చాలు, చింతాకు ఫొటో తియ్యమన్నా తీసేదాన్ని.

నవమి

ఆకు వంకాయ రంగులో వచ్చింది. తొట్ల వరస మార్చాను. ఇటుక రంగులో వచ్చింది. నడిమి పొరకి గులాబీయే పెట్టాలని మాత్రం తేలింది, వేరే ఏది పెట్టినా ఆకు ఆకులా ఉండటం లేదు. ఇక పసుపు రంగు తొట్టి, నీలిపచ్చ తొట్టి మిగిలాయి. ఏది ముందో చూడాలి.

పొడి అయిపోతోంది. మా అత్తగారి పాపిట పక్కన వేలెడు వెడల్పున తెలుపు దిగింది. ఉప్పు కల్లాల దగ్గర మేస్త్రి ఆవిడ తలకేసి చూసి, పౌర్ణమి వస్తోంది నాంచారమ్మా అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం వాడి నోట్లో ఆ ఉప్పే కుక్కాలనిపించింది.

కింది వరస నడిచి చూశాను. ప్రతి గుమ్మంలోనూ ఒక తెల్లతల. ఈ గట్టు మీద పుట్టి పెరిగాను గాని ఇంతమంది ముసలివాళ్ళున్నారని నాకు ఇవాళే తెలిసింది. పేరయ్య బాబాయి జుట్టు నెమలి ఈకలా సగం నలుపు సగం తెలుపు. ఎంతవరకు వచ్చిందమ్మా అనడిగాడు. వస్తోంది అన్నాను. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పరిస్థితి, పైకి చెప్పుకోలేను.

ఏకాదశి

వచ్చింది. ఎర్ర దీపం తరవాత పసుపు రంగు తొట్టి, నీలం దీపం తరవాత నీలిపచ్చ తొట్టి, చివర్న గులాబీ. ఆకు పచ్చగా, ఈనెలతో సహా వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, కంపు వల్ల కాదు.

మొదటి రెండు తొట్లనీ అటూ ఇటూ మార్చి ఇంకోసారి చూడాలని ఒక మనసు చెప్పింది. నీళ్ళ పరీక్ష కూడా ఒక్కసారి చేసి ఏనాడూ రాయను, రెండోసారి చేశాకే రాస్తాను. కాని పొడి గీకి చూస్తే అసలు రీలుకి బొటాబొటిగా ఉంది. ఇంకో ప్రయోగం చేస్తే రీలుకి మిగలదు. మళ్ళీ ఎవరి తల అడగను? తీర్మానం ఏమందో అది జరిగింది కదా అనుకున్నాను. కమిటీ మనిషొచ్చి ఆకుని చూసి, తల ఊపి, వరస మార్చకుండా రీలుని ఇలాగే కడగాలని నా చేత కూడా సంతకం పెట్టించుకున్నాడు.

ద్వాదశి

రీలు కడిగాను. నీలం. అన్ని తలుపుల మీదా నీలం గుర్తే.

పంపు గది బయట నిలబడ్డ జనానికి మాట చెప్పానో లేదో కింది వరసంతా కేకలు. పేరయ్య బాబాయి నా నల్లచేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఛీ ఛీ, ఏమిటిది బాబాయ్, కంపు కొడుతున్నాయి అన్నా వదల్లేదు.

బొమ్మలు ఒక్కొక్కటే ఎండకెత్తి చూశాను. ముతక రంగులే, అద్దకం పొడులకి అంతకంటే ఏం వస్తుంది. సున్నపు గోడ, నీలం గుర్తున్న తలుపు, పైన పచ్చటి ఆకుల తోరణం, మనుషుల్ని పక్కకి తప్పుకోమని చెప్పి తీసినట్టున్నారు, ఎవరూ లేరు. తలుపు కింద గడప మీద ఒక మందపాటి రంగు పూత, నీలంలోకి తిరిగిన పచ్చ. ప్రతి ఇంటికీ ఉంది. సర్వేవాళ్ళు వేసిన గీత కాబోలు అనుకున్నాను.

మా తలుపు బొమ్మ మా అత్తగారి చేతికిచ్చాను. సంబరపడిపోతూ తీసుకుంది. దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. మొహంలో నవ్వు అలాగే ఉండి ఉండి ఆరిపోయింది.

"గడప ఇలా వచ్చిందేమే?" అంది.

ఎలా రావాలి అత్తయ్యా అన్నాను. ఏం లేదులే అని బొమ్మ నా చేతిలో పెట్టి, పొయ్యి మీద గంజి మాడుతోందని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద గంజి లేదు.

త్రయోదశి

రాత్రి ఆవిడ ఏమీ తినలేదు. పొద్దున్నే గట్టిగా అడిగాను. అప్పుడు చెప్పింది. ఆ గీత సర్వేవాళ్ళది కాదట. కొత్త ఇంట్లో కాలు పెట్టేముందు గడపకి పసుపు రాసేవారట. వంటల్లో వేసే ఆ పసుపే, నేను పుట్టాక ఈ గట్టు మీద ఎవరూ చూడనిది. మునిగిన ఊరి నుంచి కొంగున కట్టి తెచ్చుకున్న పసుపు, కొత్త పెళ్ళికూతురు కాబట్టి ఆవిడ చేతే రాయించారట. ఆ రోజు తరవాత రాయడానికి పసుపు దొరకలేదు.

చిట్టా తీసి లెక్క కట్టాను. అడుగు పొరకి, పై పొరకి రంగులు తారుమారైతే ఏమవుతుంది? ఎరుపు నీలమవుతుంది. నీలం ఎరుపవుతుంది. పసుపు రంగు నీలిపచ్చ అవుతుంది. ఆకు మాత్రం ఎటు తిప్పినా పచ్చగానే ఉంటుంది, ఎందుకంటే ఆకులో ఆ రెండు పొరలకీ రంగు సమంగా పడుతుంది. ఏ వరసకీ చెందని రంగు కావాలని కొట్టుకున్నారు కదా. దొరికింది. ఏ వరస తప్పునీ పట్టివ్వని రంగు.

అంటే గుర్తులు ఎర్రవే. యాభై అయిదేళ్ళుగా మావాళ్ళు ఏడ్చిన ఏడుపంతా లేని నీలం కోసం. మీ కళ్ళతో చూశానన్నారు కదా అత్తయ్యా అని అడిగాను. చూశాననే అనుకున్నానే అంది. అందరూ నీలమంటుంటే నేనూ అన్నాను, అనగా అనగా అదే కనిపించింది అంది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు.

నాకు ఎంత అసహ్యం వేసిందంటే, ఎవరి మీద అని కూడా తెలియలేదు. తలుపుకి ఏ రంగు పూశారో చూసి ఒకడికి నీళ్ళు, ఒకడికి మురుగు పోసిన ఆ మొదటివాళ్ళ మీద వేసింది. గుడ్డ వద్దు ఆకు ముద్దు అన్న సభ మీద వేసింది. పరీక్ష రెండోసారి చెయ్యని నా మీద ఎక్కువ వేసింది. ఫిల్ము ఒకసారి కడిగితే అయిపోయినట్టే, వెనక్కి తిప్పలేను.

రేపు సభలో నిజం చెప్పేస్తానన్నాను. ఇన్నేళ్ళలో నీళ్ళ గురించి ఒక్క అబద్ధం రాయలేదు, ఇప్పుడు రాయలేను. ఎల్లుండి తనిఖీ. ఆవిడ తల పూర్తిగా తెల్లబడింది, పొట్లం ఒక్కటి లేదు. నేను చెప్పే మాట ఆవిణ్ణి పడవెక్కిస్తుందని ఇద్దరికీ తెలుసు.

"చెప్పుకో. నీ పని నీది," అంది. అని చీపురు తీసుకుని ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది.

చతుర్దశి

వలల షెడ్డులో సభ. రేకు కన్నంలోంచి ఎండని అద్దంతో మళ్ళించి, భూతద్దం గుండా బొమ్మల్ని సున్నపు గోడ మీద వేశాను. జోగారావు గారు చంకబిడ్డ మాట అని కూర్చున్నారు. మొదటి తలుపు పడింది, గోడంత పెద్దది. నీలం గుర్తు. కింది వరస ఈల వేసింది.

నేను జోగారావు గారి మొహమే చూస్తున్నాను. ఆయన గుర్తుకేసి చూడలేదు. గడపకేసి చూశారు. కుర్చీలో ముందుకి జరిగారు. ఏదో తేడాగా ఉంది, రంగులు సరిగ్గా రాలేదు అన్నారు. ఆకు పచ్చగానే ఉంది కదండీ, సంతకం మీదే కదా అని వెనక నుంచి ఎవరో అరిచారు. తేడా ఎక్కడుందో చెప్పమంటే ఆయన నోరు తెరిచి మళ్ళీ మూశారు.

అప్పుడు నేను లేచాను. ఉన్నదున్నట్టు చెప్పాను. రెండు తొట్ల వరస తప్పితే ఎరుపూ నీలమూ తారుమారవుతాయని, ఆకు వల్ల ఆ తప్పు తెలియదని, మనం పెట్టుకున్న పరీక్ష పనికిమాలినదని చెప్పాను. పేరయ్య బాబాయి నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

"ఈ బొమ్మలో ఇంకో గుర్తుంది. గడప మీది పూత," అన్నాను. "గట్టెక్కిన రోజు గడపకి ఏ రంగు రాశారో నేను చూడలేదు, అప్పటికి పుట్టలేదు. విన్న మాట రాయడం నా ఉద్యోగంలో లేదు. కళ్ళతో చూసినవాళ్ళు లేచి చెప్పండి. అది నీలిపచ్చ కాదని చూసినవాళ్ళు ఒక్కరు చెప్పినా సరే, ఈ రంగులన్నీ తారుమారని రాసి సంతకం పెడతాను."

అలా అడుగుతానని ముందే అనుకోలేదు. మా అత్తగారి చేత నిజం చెప్పిస్తే నా నోటికి ఆ పాపం అంటదని ఎక్కడో అనుకున్నానేమో, నాకే తెలియదు. ఆవిడే ముందు లేచింది. కొంగు తల మీద నుంచి జారిపోయింది, సర్దుకోలేదు. తెల్లటి తల అందరికీ కనిపించింది.

"నీలమే," అంది. "నేనే రాశాను."

తరవాత పేరయ్య బాబాయి లేచాడు. నీలమే అన్నాడు. ఒక్కొక్క తెల్లతలా లేచింది. నీలమే, నీలమే. ఏ ఒక్కరి గొంతూ తడబడలేదు.

పై వరస ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో గడపలు తెలిసినవాళ్ళు పది మందైనా ఉండి ఉంటారు. లేచి పసుపు అన్నవాడు గట్టెక్కిన నాటికే జ్ఞానం వచ్చినవాణ్ణని ఒప్పుకున్నట్టే. కుర్చీ పోతుంది. జోగారావు గారి మెడ మీద నరాలు లేచాయి. ఆయన నల్లటి జుట్టు మొదట్లో సన్నటి తెల్లగీత నాకు నిలబడ్డ చోటి నుంచే కనిపించింది. గట్టు మీది పొడంతా నా తొట్లలో పోయింది కదా, ఆయనకి మాత్రం ఎక్కడ దొరుకుతుంది.

మా అత్తగారు ఆయన వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు నాయనా. మా మంచం నా వెనకే మోసుకొచ్చి గుమ్మంలో దింపిన కుర్రాడొకడు ఉండేవాడు, వాడయితే గడప చూసుంటాడు. నువ్వు చంకబిడ్డవి, నీకెలా తెలుస్తుందిలే," అంది.

జోగారావు గారు తీర్మానం ప్రకారం ఆకు పచ్చగా వచ్చింది కాబట్టి రంగు నిజమేనని రాయించారు. కింది వరసకి రేపటి నుంచి హక్కు నీళ్ళు. తలల తనిఖీ రద్దు.

పౌర్ణమి

పొద్దుటి పోటు. కింది వరస కుళాయి: ఉప్పు లేదు, కంపు లేదు. రెండుసార్లు పరీక్షించాను. అదే వచ్చింది.

మధ్యాహ్నం పెరటి వైపు తలుపు చప్పుడైంది. జోగారావు గారు, తలకి తువ్వాలు చుట్టుకుని, ఒక్కరే. తొట్టి అడుగున పొడి ఏమైనా మిగిలిందా అమ్మా అనడిగారు. మిగల్లేదండీ, వాడేసిన నీళ్ళున్నాయి, పారబోయాలి అన్నాను. అదైనా ఇమ్మన్నారు. అది ఒంటికి మంచిది కాదు, చర్మం ఊడిపోతుందన్నాను. పర్వాలేదన్నారు. మూత తీసి చూపించాను, ఆ కంపుకి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చెయ్యి చాపే ఉంచారు.

"పసుపే కదండీ?" అనడిగాను.

"పసుపే," అన్నారు. మెల్లగా, ఇంకెవరో అడిగినట్టు. "మీ అత్తగారి చేతులు మోచేతుల దాకా పసుపు."

ఆయన చూస్తుండగానే ఆ నీళ్ళు మురుగ్గుంటలో పోసేశాను. అరవై దాటినవాడి తల కాల్చిన పాపం కూడా నాకెందుకు. ఆయన తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయారు. జాలి పడదామని చూశాను, రోతే వచ్చింది. మోచేతుల దాకా గుర్తుండి నిన్న నోరు విప్పని మనిషి. విప్పనందుకే మా కుళాయిలో మంచినీళ్ళు వస్తున్నాయి. ఆ నీళ్ళతోనే ఈ రోత కడుక్కోవాలి.

లోపలికి వచ్చేసరికి మా అత్తగారు కొత్త నీళ్ళు బిందెతో ముందు పెట్టుకుని కూర్చుంది. తల విరబోసుకుని ఉంది, వెనక ఎండలో తెల్లగా మెరుస్తోంది. ఇన్నేళ్ళలో ఆవిడ పగలు తల విప్పడం చూడలేదు. తాగలేదేం అత్తయ్యా అన్నాను.

మా తలుపు బొమ్మ ఆవిడ ఒళ్ళో ఉంది. దీన్ని మళ్ళీ కడిగితే సరవుతుందా అనడిగింది. అవదని చెప్పాను. ఇదొక్కటేనా అంది. ఒక్కటే అన్నాను. ఆ ఇంటిదీ, ఆ రోజుదీ, ఈ లోకంలో ఇంకెక్కడా ఏ బొమ్మా లేదు.

"మీ మావయ్య ఆ రోజు గుమ్మం ఇవతలే నిలబడి, ఇంకాస్త రాయవే, మెరవాలి అన్నారు. ఉన్నదంతా రాసేశాను. ఆ తరవాత మళ్ళీ నా చేతికి పసుపు అంటలేదు," అంది. "నా చేత్తో రాసిన పసుపు. నా నోటితోనే కాదన్నానే."

ఏడవలేదు. గ్లాసు ముంచి ఆవిడ చేతిలో పెట్టాను. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి నేనే చెయ్యి పట్టి ఆవిడ నోటి దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పుడు తాగింది.